వ్రాతలేని చరిత్రలు



గోదావరి మన మలికిపురపు కాలువలలోనికి వచ్చుటకు ముందు ఎవరి వాకిళ్ళమీదుగ వచ్చుచున్నదో మనము తఱచుగ తలంపము. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 లో పూర్తియైనది మొదలు మనకు గోదావరి యన్న లాకులు, కాలువలు, నీటి వంతులు. ఆనకట్టకు ఎగువన పాపికొండలు, వాని కవతల శబరీ సంగమము, ఆపైన భద్రాచలము. ఆ రెండు గట్లను, కొండలలోను అడవులలోను, కొండరెడ్లును కోయలును తరతరములుగ కాపురమున్నారు. మనము త్రాగు నీటిని ముందు వారు త్రాగుదురు. వారి చరిత్ర ఏ గ్రంథమున నున్నదని యడిగినచో, మనలో నాలుగక్షరములు వచ్చినవారు "వారికి లిపి లేదు, కావున చరిత్రయు లేదు" అని తేల్చివేయుదురు. ఈ మాట యెంతవరకు నిలుచునో విచారించుటయే నేటి ప్రసంగము.

లిపి లేనిచో విద్య లేదనుట కోనసీమవారు పలుకదగిన మాట కాదు. మన సీమకు పేరు తెచ్చినది వేదము. దానికి శ్రుతి యని పేరు. వినబడినది యని యర్థము. మన ఘనపాఠులు దానిని తాటాకులు చూచి నేర్చుకొనలేదు. గురువు నోటినుండి శిష్యుని చెవికి, ఆ చెవినుండి మఱల నోటికి వచ్చినది. అందొక్క అక్షరమైనను జాఱిపోకుండుటకై పదము, క్రమము, జట, ఘన యని మాటలను ముందునకు వెనుకకు త్రిప్పి వల్లించు కట్టుబాటులను పెద్దలేర్పఱచిరి. వ్రాత లేకుండ విద్యను నిలుపవలెనన్న ఇట్టి యేర్పాటొకటి కావలెను. వేదమునకు అది పాఠక్రమము. మఱి కోయల కేది?

పంటకళ్ళముల దినములలో ఊళ్ళకు వచ్చి, ఇండ్ల ముందు నిలిచి గోత్రములు చెప్పి, వంశములు పొగడి, ధాన్యము పుచ్చుకొనిపోయెడి పిచ్చుకుంట్లవారిని పెద్దలు చూచియే యుందురు. కోయలకు అట్టివారు డోలివారు. కోయలు మూడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు, ఆఱవ గట్టు, ఏడవ గట్టు అని భాగములుగ నుందురు. ఒక గట్టువారు ఆ గట్టులోనే పిల్లను ఇచ్చిపుచ్చుకొనరు. ప్రతి గట్టునకు దాని యింటిపేర్లు, దాని వేల్పులు, ఆ వేల్పులు పుట్టిన తీరు, నడచివచ్చిన దారి, ఆగిన చోటులు వేఱువేఱు. ఇదంతయు డోలివాని నోట నుండును. వేల్పుల కొలుపు జరుగునపుడు అతడు డోలు మోగించి కథ యెత్తుకొనును. అది ప్రొద్దుపుచ్చుటకు పాడు పాట కాదు. అన్నదమ్ములెవరో, వియ్యమందదగినవారెవరో, ఏ యింటివారు ఏ వేల్పునకు మ్రొక్కవలెనో తేలునది ఆ పాటలోనే. ఒకప్పటి కరణముగారి దస్తరము వంటి దనుకొనుడు, పాడెడి దస్తరము.

డోలివారి కొక సాధనము కలదు. దానికి పడిగె యని పేరు. కొస సన్నగిల్లిన గుడ్డ. దానిపై వేల్పుల రూపములును, జంతువులును, తెగల గుర్తులును ఉండును. కొలుపునాడు దానిని విప్పి, బొమ్మ చూపి, ఆ బొమ్మకు చేరిన ఘట్టమును పాడుదురు. తెలియనివానికి అది రంగుల గుడ్డ, తెలిసినవానికి పుస్తకము.

ఇట్టి పుస్తకములు భూగోళమున ఆవలి ప్రక్కనను కలవు. 1492 లో కొలంబసు పడమటి దీవులను చేరి, తాను మన దేశపు దిక్కునకే వచ్చితినని భ్రమపడి, అచటి జనులకు ఇండియనులని పేరుపెట్టెను. పేరు మనది, మనుష్యులు వేఱు. ఆ యమెరికా ఆదిమవాసులలో లకోటా జాతివారు అడవిదున్న తోలుమీద ఏడాదికొక బొమ్మ వ్రాసికొనుచు వచ్చిరి. ఆ యేట జరిగినవానిలో ఏది మఱువరానిదో అదే ఆ యేటి బొమ్మ. పెద్దవాడొకడు తోలు పఱచి, వరుసగ బొమ్మలు చూపుచు, జాతి చరిత్ర చెప్పును. 1833 నవంబరులో అచట ఆకాశమునుండి ఉల్కలు వానవలె రాలినవి. ఆ నక్షత్రపాతపు బొమ్మ అనేకమైన తోళ్ళమీద కనబడుటచేత, తక్కిన బొమ్మలు ఏయే సంవత్సరములవో పండితులు లెక్కకట్టగలిగిరి. ఇది మనకు వింత కాదు. 1996 తుపానునకు ముందు పుట్టినవాడు, తుపాను పోయిన పిదప కట్టిన యిల్లు అని కోనసీమలో మనము నేటికిని లెక్కించుట లేదా?

న్యూయార్కు రాష్ట్రమందలి ఒనొండాగ జాతివారు గవ్వపూసల పట్టీలు అల్లి, తమ యొడంబడికలను వానిలో నిలుపుకొనిరి. ఏ పూసల వరుసకు ఏ మాటయో పెద్దలు కంఠస్థము చేసియుందురు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఆ పట్టీలు కొన్ని రాష్ట్ర ప్రదర్శనశాల యధీనమునకు పోయినవి. చాల వాదము జరిగిన పిమ్మట 1989 లో పండ్రెండు పట్టీలు తిరిగి వారి చేతికి వచ్చినవి. గాజుపెట్టెలో నున్నంతకాలము అవి పూసలు. చదివి చెప్పు పెద్దలు జాతిలో నింకను ఉండుటచేత అవి మఱల ఒడంబడికలైనవి.

గుడ్డమీదను తోలుమీదను గాక, నేలమీద వ్రాసిన కథలును కలవు. మాఘశుద్ధ ఏకాదశినాడు మనము అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథము లాగుచుందుము. ఆ మాఘపు పున్నమి దినములలోనే, రెండేండ్లకొకసారి, ములుగు అడవులలో మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. కోయ పూజారులు చిలకలగుట్టనుండి సమ్మక్కను కుంకుమభరిణె రూపమునను, కన్నెపల్లినుండి సారలమ్మను తీసికొనివచ్చి గద్దెలమీద నిలుపుదురు. భక్తు లర్పించు బెల్లమునకు అక్కడ బంగారమని పేరు. కథ యేమనగా, కాకతీయ ప్రతాపరుద్రుని సేన కప్పము కొఱకు మీదికి వచ్చెను. సమ్మక్కయు, కొమార్తె సారలమ్మయు, కొమారుడు జంపన్నయు పోరిరి. జంపన్న ఓటమికి ఓర్వక సంపెంగవాగులో దూకి ప్రాణము విడిచెను. నాటినుండి అది జంపన్నవాగు. సమ్మక్క గాయముతో చిలకలగుట్టవైపు పోయి కనబడకుండెను. వెదకబోయినవారికి కుంకుమభరిణె మాత్రము దొరకెను. ఇందెంత చరిత్ర, ఎంత కల్పన యని పండితులు వాదింతురు, వాదింపనిండు. నేను చెప్పదలచినది వేఱు. వాగులో కాలుపెట్టినవానికి జంపన్న జ్ఞాపకము వచ్చును, గుట్ట చూచినవానికి సమ్మక్క జ్ఞాపకము వచ్చును. పుస్తకము తెఱవ నక్కఱలేదు. వాగే పద్యము, గుట్టయే ప్రకరణము.

ఈ కథను కోయభాషలోను తెలుగులోను పాడగలిగిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022 లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. వారిది మణుగూరు మండలమందలి కూనవరము. శబరి గోదావరిలో కలియుచోట నున్న కూనవరము వేఱు. మన వైపువారు పొరబడుదురని చెప్పుచున్నాను. 2024 లో వారు గతించిరి. బిరుదము వచ్చి రెండేండ్లు గడచినవి, అంతే. బిరుదము ఒక్కనికి వచ్చినను చాలును గాని, విద్య నిలుచుటకు ఇద్దఱు కావలెను. చెప్పవలసిన కారణమున్నవాడొకడు, చెప్పుమని యడుగ హక్కున్నవాడు మఱియొకడు. కొలుపు చేయించు ఇండ్లు తగ్గినకొలది డోలివానిని పిలుచువారు తగ్గుదురు; అతని కొడుకు కూలికి పోవును. ఇది మన పిచ్చుకుంట్లవారికిని జరిగినదే గదా.

కథలే కాదు, బ్రతుకుతెఱువు విద్యయు ఈ కట్టుబాటులలోనే దాగియున్నది. కోయలు పండుగను పండుమందురు. విత్తుటకు ముందు విత్తనముల పండుగ. మామిడికి, చిక్కుడునకు, ధాన్యమునకు వేఱువేఱు కొత్తలు. వేల్పునకు పెట్టి కొత్త జరుపకముందు ఆ కాయ నోట పెట్టరు. పైకి ఇది మ్రొక్కు; లోన చూచినచో గింజ ముదురకముందే చెట్టు దులుపగూడదను నియమము. మన తోటలలో దింపులవాడు ఏ గెల ముదిరినదో కాయను తట్టి చెప్పును. ఆ విద్యకును పుస్తకము లేదు.

గోండుల సంగతి వేఱొక ప్రసంగమునకు చాలినంత కలదు. ఆదిలాబాదు సీమలో వారికి పరధానులు వంశపారంపర్యముగ కథకులు. కింగ్రి యను తీగవాద్యము వాయించుచు గోండుల పుట్టుకను పాడుదురు. ఆ సీమయందే గుంజాల యను గ్రామమున గోండీభాషకు ప్రత్యేకలిపిలో వ్రాసిన ప్రతులు దొరకినవి. అవి సుమారు 1750 నాటివని పండితుల యంచనా. ఆ లిపిని 2018 లో ప్రపంచపు కంప్యూటరు లిపుల పట్టికలో చేర్చిరి. అనగా అడవివారికి లిపియే లేదనుటయు తొందరపాటు మాటయే.

ఇక వ్రాసినంతమాత్రమున నిలుచునా? మధ్య అమెరికాలో మాయజాతివారికి చక్కని లిపియు పుస్తకములును ఉండెను. 1562 లో మాని యను పట్టణమున డియేగో ద లాండా యను స్పెయినుదేశపు మతాధికారి ఆ పుస్తకములను ప్రోగుచేసి తగులబెట్టించెను. నేటికి మిగిలినవి నాలుగే. కాని వారిలో కీచె తెగవారు తమ సృష్టికథను మఱువలేదు. జ్ఞాపకమున నున్నదానిని రోమను లిపిలో వ్రాసికొనిరి. పోపోల్ వూ యను ఆ గ్రంథము నేటికిని ఉన్నది. నిప్పు పుస్తకములను కాల్చగలిగెను, నోళ్ళను కాల్చలేకపోయెను.

నోళ్ళను మూయించినది బడి. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపినవాడను గనుక ఈ మాట చెప్పుటకు నాకు కష్టముగ నున్నది. 1879 లో పెన్సిల్వేనియా రాష్ట్రమున కార్లైలు అనుచోట ఆదిమవాసుల పిల్లలకొఱకు ఒక వసతిబడి వెలసెను. తల్లిదండ్రులకు దూరముగ తెచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంతభాష మాటలాడిన తప్పనిరి. అట్టి బడులు అమెరికాలోను కెనడాలోను ఎన్నో వెలసినవి. సెలవులకు ఇంటికి పోయిన పిల్లవానికి అవ్వ చెప్పు కథ అర్థము కాదయ్యెను. అడుగువాడు పోయెను, చెప్పువాడు మిగిలి ఏమి లాభము?

కార్లైలు బడి నడచుచున్న ఆ దినములలోనే పర్లాకిమిడిలో నొక తెలుగు ఉపాధ్యాయుడు దీనికి సరిగా తలక్రిందులైన పని చేయుచుండెను. 1863 లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారు. వారు వ్యావహారికభాషా వాదమున మా గ్రాంథికమును చీల్చి చెండాడిన సంగతి తమరెఱుగుదురు. ఆ తగవు అట్లుండనిండు. నా వ్రాత నేను మానలేదని తమరు వినుచునే యున్నారు. కాని సవరల విషయమున వారికి చేయెత్తి మ్రొక్కవలెను. సవరభాషయు తెలుగును వచ్చినవానిని ఇంట నుంచుకొని, ఆ భాష నేర్చికొని, కొండలెక్కి పాటలు, కథలు సేకరించిరి. అడవిజ్వరము పట్టినది, దానికి పుచ్చుకొన్న క్వయినా వలన చెవుడు వచ్చినది. వినికిడివిద్యను నిలుపబోయి వినికిడినే పోగొట్టుకొనిరి. సవరలకు సవరభాషలోనే వాచకములు వ్రాసిరి. దొరతనమువారు ధనమీయబోగా, అది తనకు వలదు, దానితో సవరపిల్లలకు బడి పెట్టుడనిరి. 1931 లో వారి సవర వ్యాకరణము, 1938 లో నిఘంటువు అచ్చుపడినవి. 1940 లో వారు కీర్తిశేషులైరి. ఆ బడిలో పిల్లవానికి మొదటిదినము వినబడినది తల్లి మాట. ఇంటికి పోయి అవ్వను కథ యడుగుటకు అడ్డమేమియు లేదు.

ఇప్పుడు మఱల మన గోదావరి యొద్దకు వచ్చెదను. పోలవరము జలాశయపు ముంపు నిమిత్తము దేవీపట్నము మొదలుకొని ఎగువ గ్రామములు అనేకము తరలిపోవలసివచ్చినది. 2014 లో భద్రాచల ప్రాంతపు మండలములను ఆంధ్రప్రదేశమున చేర్చినదియు ఈ ముంపునుబట్టియే. పాపికొండలకు లాంచీమీద పోయినవారికి గండిపోచమ్మ తెలియును. నదికి అడ్డముగ కాఫరుడ్యాము లేచినది మొదలు వరదల దినములలో అమ్మవారి గుడి నీట మునుగుచున్నది. డెల్టాకు నీరు వలదని చెప్పువాడను కాను. దాళ్వాకు నీటివంతు కొఱకు కాలువగట్టున రాత్రులు కాచిన రైతుల మధ్య పెరిగినవాడను. ఇల్లునకు ఇల్లు, భూమికి భూమి లెక్కకట్టవచ్చును. కథ నిలిచియున్న వాగునకు, వేల్పు దిగిన రాతికి ఏ పద్దున లెక్క వ్రాయుదురు? పడిగెమీద బొమ్మ చూపి డోలివాడు "ఇచ్చటనే" యన్నపుడు, పిల్లవాడు తలయెత్తి చూచుటకు ఆ చోటుండవలెను గదా.

నీరు నిలువకముందు చేయదగిన పని యొకటి కలదు. వృద్ధులైన కోయలను, కొండరెడ్లను, వారి మనుమలతోగూడ ఆ గుట్టలయొద్దకు తీసికొనిపోవలెను. ఏ గుట్టకు ఏ పేరు, ఏ మడుగునకు ఏ కథయో వారి నోటనే వినవలెను. కోయలది కోయభాషలో, కొండరెడ్లది వారి తెలుగులో. ఇప్పుడు ప్రతివాని చేతిలోను మాట పట్టు యంత్రమున్నది గనుక ఖర్చు గూడ లేదు. అట్లు పట్టినదానిని పట్టణపు బీరువాకు చేర్చుటకు ముందు, మొదటి ప్రతిని ఆ గ్రామమువారు నేడెక్కడ కాపురమున్న అక్కడికే తీసికొనిపోయి యియ్యవలెను. అట్లయిన ఒనొండాగవారివలె తమ మాట తమకు వచ్చుటకు వారు తొంబదియేండ్లు కాచుకొన నక్కఱలేదు.