పాత పికప్‌లో లైట్లు వెలగడం లేదా?

కూరగాయల లోడుతో తెల్లవారకముందే మార్కెట్‌కు పోయే పాత పికప్‌కు వెనుక లైటు లేకుంటే ప్రాణాలకే ముప్పు. రైతులు ముందుగా ఇవి చూసుకోవాలి.

ఒక్క లైటే ఆరితే బల్బు, హోల్డరు చూడాలి. రెండు మూడు ఒకేసారి ఆరితే ఫ్యూజు చూడాలి. ఇండికేటరు వేసినప్పుడు వెనుక లైటు కూడా మినుకుమంటే సాధారణంగా ఎర్తు లోపమే. ఛాసిస్‌కు బిగించిన ఎర్తు వైరు విప్పి, తుప్పును ఉప్పు కాగితంతో రుద్ది గట్టిగా బిగించాలి.

అన్ని లైట్లూ మసకబారితే బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయాలి. ముందు నెగటివ్ వైరే విప్పాలి. ఇంజను నడుస్తుండగా 12 వోల్టుల బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దరిదాపు రాకుంటే ఫ్యాన్ బెల్టు, ఆల్టర్నేటరు చూపించాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఎక్కడో వైరు ఒరిసి బాడీకి తగులుతున్నట్లే. ఫ్యూజు బదులు లావు తీగ చుట్టొద్దు. వైరింగు కాలి బండే అంటుకుంటుంది.