జోడుగీతల కాసు

బందరు సీమలోని పాత పెట్టెల అడుగున నప్పుడప్పుడు కంపెనీ కాలపు రాగికాసులు కనబడుచుండును. వానిలో కొన్నిటిపై 1794 అనియో 1797 అనియో సంవత్సరమును, రూపాయికి 48 అను లెక్కయు ఇంగ్లీషున నుండును. ఉత్తరసర్కారుల వాడుకకై మాథ్యూ బౌల్టను బర్మింగుహాము చెంతనున్న సోహో టంకశాలయందు ఆవిరియంత్రములతో ముద్రించి పంపిన కాసులివి.

అట్టి దొకటి గుడివాడలో నొక వర్తకుడు మాకు జూపి, "అక్షరములు జోడుగా నున్నవి చూడుడమ్మా, ఇది అచ్చులోని విశేషము, మరల దొరకదు" అనెను. గాజులకై దాచుకొన్న సొమ్మంతయు వానిచేత బోసితిమి. ఇంటికి వచ్చి భూతద్దముతో జూచిన పిదపగాని మా తెలివి మాకు తెలియలేదు.

పెడన అద్దకము చూచిన సోదరీమణులకు ఈ సంగతి సులభముగ బోధపడును. కొయ్య అచ్చులోనే తీగ జంటగా చెక్కబడినచో, దానితో నద్దిన ప్రతి బట్టమీదను అదే చోట జంటతీగ పడును. అద్దువాని చేయి కదలినచో ఆ యొక్క చోటనే చెదరును. కాసులును అంతే. ఉక్కు అచ్చును తయారుచేయునప్పుడే దానిపై బొమ్మ రెండుమారులు కొంచె మెడముగా పడినచో, ఆ అచ్చున బుట్టిన కాసులన్నియు ఆ జంటను మోయును. ఇదియే నిజమైన అచ్చుభేదము. అట్లుగాక, వదులైన అచ్చు దెబ్బపడిన క్షణమున నించుక జరిగినచో కలుగునది వట్టి ఒరపిడి.

కాసును ఏటవాలు వెలుతురున బట్టి చూడవలయును. నిజమైన జంటలో రెండవ గీతయు మొదటిదానివలెనే ఉబ్బియుండును, అక్షరము లావెక్కును, దాని కొనలు చీలి నడుమ చిన్న గాడి కనబడును. ఒరపిడిలోనన్ననో అక్షరము ప్రక్కన అరుగువలె చదునుగా, పల్లముగా నొక మెట్టు ఏర్పడును. ఆ మెట్టు అక్షరమునుండియే తెగినది గనుక అక్షరము సన్నబడును. మేము సొమ్ముపోసి కొన్నది ఆ అరుగునే!

సుత్తెదెబ్బతో చేతిమీద ముద్రించిన పూర్వపు బందరు నాణెముల సంగతి వేరు. వానిపై బొమ్మయంతయు రెండుమారులు పడుట కలదు; అదియు అచ్చుభేదము కాదు.

దివిసీమలోని మా పినతల్లిగారి యొద్ద అదే సంవత్సరపు కాసు కలదని విని, పోల్చి చూతమని పోతిమి. పోల్చుటలో నొక చిక్కు కలదు: ఒక్క యేటి కాసులకే అచ్చులు పెక్కు వాడుదురు, కావున రెండవ కాసుపై జంట లేనంతనే మొదటిది దబ్బరయని తేల్చరాదు. రెండుమూడు కాసులపై అదే జంట, అదే దిక్కున, అంతే యెడముతో కనబడినప్పుడే నమ్మవలయును. ఆమె సంతోషముతో కాసు తెచ్చి యిచ్చినది. పూజచెంబుతోపాటు ఏటేట చింతపండుతో తోమి తళతళలాడించిన దది! అక్షరముల అంచులన్నియు అరిగి, అరుగో గాడియో చెప్పుట కేమియు మిగులలేదు.

మా కాసును మాత్రము ఆమె కంటబడకుండ కాగితమున జుట్టి వెనుకకు తెచ్చుకొంటిమి.