తుప్పు, జింకు, వెండి వరఖ్: ధూల్‌పేట్ దారిలో హైడ్రోజన్ విశేషాలు

హైదరాబాద్‌లోని ధూల్‌పేట్‌లో వినాయకుణ్ణి రంగులు వేయకముందే చూడాలి. కొబ్బరిపీచు, ప్లాస్టర్ ముద్దల మధ్య నుంచి ఇనుపచువ్వ మొన బయటికి కనబడుతుంది. వానకు తడిసిన ఆ చువ్వను ముట్టుకుంటే వేలికి ఎర్రపొడి అంటుతుంది. ఆ తుప్పు జాతి పదార్థమే, ఐరన్ ఆక్సైడ్, థర్మకోల్ తయారీకి కీలకం! దానికి కాస్త పొటాషియం చేర్చి, సుమారు 600 డిగ్రీల వేడిలో ఇథైల్‌బెంజీన్‌ను నీటి ఆవిరితో కలిపి దాని మీదుగా పంపితే రెండు హైడ్రోజన్లు ఊడిపోయి స్టైరీన్ వస్తుంది. 2022లో నిషేధం వచ్చేదాకా మండపాల్లో అలంకరణకు వాడిన థర్మకోల్ ఆ స్టైరీన్‌దే. ప్లాటినం అక్కర్లేదు, ఇనుము చాలు.

1944లో మొదలైన తార్నాకలోని పరిశోధనశాల, ఇప్పటి ఐఐసీటీ, ఇదే చర్యను కార్బన్ డయాక్సైడ్ సాయంతో చేసి చూసింది. ఊడిన హైడ్రోజన్‌ను ఆ వాయువు పట్టుకుని నీరుగా మారుస్తుంది. పొగగొట్టాల్లోంచి గాలిలో కలిసేదాన్ని పనిలో పెట్టడం నాకెంతో నచ్చిన ఆలోచన.

హైడ్రోజన్ ఊడదీసే ఈ పని ఒక పేరులోనూ ఉంది. ‘ఆల్డిహైడ్’ అన్న పేరులోనే ‘హైడ్రోజన్ తీసేసిన ఆల్కహాల్’ అన్న అర్థం దాగి ఉంది. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పెట్టిన పేరది.

ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్ తీసే ఆ పని మన ఒంట్లోనూ జరుగుతుంది. ధూల్‌పేట్ పేరు చెబితే చాలామందికి ఒకప్పటి గుడుంబా గుర్తొస్తుంది: నల్లబెల్లం, పటిక, నవసాగరం, ఊట, బట్టీ, ఆబ్కారీ దాడులు. తాగిన సారాను కాలేయంలో ఎదుర్కొనేది ఒక ఎంజైమ్. దాని నడిబొడ్డున ఉన్న జింక్ పరమాణువు ఆల్కహాల్‌ను పట్టి ఉంచితే, బి3 విటమిన్‌తో తయారైన సహాయక అణువు హైడ్రోజన్‌ను అందుకుంటుంది. ఫ్యాక్టరీలో ఇదే పని చేయించడానికి వాడే రాగికి సుమారు 300 డిగ్రీలు కావాలి. జింకు ఒంటి వేడిలోనే పని కానిస్తుంది. మిగిలిన ఎసిటాల్డిహైడే ముఖం ఎర్రబారడానికీ, వికారానికీ కారణం. కల్తీ సారాలో మిథనాల్ ఉంటే మాత్రం అదే ఎంజైమ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లమై కంటినరాన్ని దెబ్బతీస్తుంది. అందుకే ఆసుపత్రిలో కొన్నిసార్లు తాగే ఆల్కహాల్ అయిన ఇథనాల్‌నే మందుగా ఎక్కిస్తారు! ఎంజైమ్ దానికే ముందు చోటిస్తుంది, ఆలోగా మిథనాల్ ఒంట్లోంచి బయటికి పోయే వ్యవధి దొరుకుతుంది. ఎందరి చూపు నిలుస్తుందన్నది ఆ కొద్ది వ్యవధి మీద ఆధారపడుతుంది.

ఇక చార్మినార్ వైపు నడిస్తే మిఠాయిల మీద వెండి వరఖ్. మిథనాల్ నుంచి హైడ్రోజన్ తీసి ఫార్మాల్డిహైడ్ చేసే ఫ్యాక్టరీల్లో ఉత్ప్రేరకం ఈ వెండే, స్ఫటికాలుగా. ఆ ఫార్మాల్డిహైడ్‌తోనే ప్లైవుడ్ జిగురు తయారవుతుంది.

హైడ్రోజన్ తీసే పనికి వెండి కంటే చౌకగా దొరికేది మాంగనీస్. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో డేవిడ్ మిల్‌స్టైన్ బృందం మాంగనీస్ సమ్మేళనం సాయంతో ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్ తీసి, దాన్ని అమీన్‌తో జతచేసింది. పక్కన మిగిలినవి నీళ్లు, హైడ్రోజన్ వాయువు, అంతే. మాంగనీస్ ఖనిజాన్ని విజయనగరం జిల్లా గనుల్లో 1890ల నుంచీ తవ్వుతున్నారు.