కడవ పూడ్చండి.. బీరకాయ కోయండి

అనంతపురం: ఫాల్గుణం గడవకముందే మన ఊళ్లో ఎండ చుర్రుమంటుంది. ఉగాది నాటికి పెరట్లో పచ్చగా ఏదైనా మిగిలిందంటే అది వేపచెట్టే. కుళాయి వచ్చిన రోజు బిందెలన్నీ నింపుకోవడం, రాని రోజు వాటిని లెక్కబెట్టుకుంటూ వాడుకోవడం మన గృహిణులకు అలవాటైన పనే. తాగే నీళ్లే కొలుచుకునే ఇంట్లో సొరపాదుకు రెండు బక్కెట్లు పోస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే సంక్రాంతికి సరదాపడి పెట్టిన పాదులు శివరాత్రి దాటగానే తలలు వాల్చేస్తాయి. ఆ తర్వాత మూడు నెలల పాటు సంచీ పట్టుకుని కూరగాయల అంగడికి పోవడమే.

ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. 2022లో జిల్లా రెండుగా విడిపోయింది గానీ, మబ్బు మాత్రం రెండు వైపులకూ ఒకేలా ముఖం చాటేస్తోంది.

దీనికి చవకలో ఉపాయం లేదా అంటే, ఉంది. ఒక మట్టి కడవ, దానిపైకి ఒక మూకుడు, ఒక గడ్డపార, ఒక పూట శ్రమ. కడవను మెడ దాకా నేలలో పూడ్చి, నీళ్లు నింపి, చుట్టూ విత్తనాలు పెట్టడమే. ఇది ఎవరో నిన్న కనిపెట్టింది కాదు. చైనాలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి ఫాన్ షెంగ్‌జి వ్యవసాయ గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. ఈ విలేఖరి తన పెరట్లో రెండేళ్లు చేసి చూశాడు. మొదటి ఏడు చెడిపోయింది. రెండో ఏడు కాసింది. రెండూ చెప్పుకోవలసినవే.

నేలకు దాహం వేస్తేనే..

కాల్చిన మట్టి కుండకు కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. వాటి గుండానే నీరు బయటికి చెమర్చి, ఆవిరై, లోపలి నీటిని చల్లబరుస్తుంది. అదే కుండను నేలలో పూడిస్తే ఆ చెమట గాలికి పోకుండా మట్టిలోకి పోతుంది. ఇందులో తమాషా ఏమంటే, చుట్టూ ఉన్న మట్టి ఎండి ఉంటే నీటిని గట్టిగా పీల్చుకుంటుంది. తడిసి ఉంటే పీల్చడం తగ్గిపోతుంది. అంటే నేలకు దాహం వేసినప్పుడే కుండ నీళ్లిస్తుంది. మనం బక్కెట్టుతో కుమ్మరించినప్పుడు పైన తడిసిన మట్టి మధ్యాహ్నానికల్లా ఎండిపోతుంది. సగం నీరు సూర్యుడే తాగేస్తాడు. కుండ నీరు వేళ్ల దగ్గరే ఉంటుంది. పైన మట్టి పొడిగా ఉంటుంది కనుక కలుపు కూడా తక్కువే.

పాత కుండతో పడ్డ పాట్లు

పొదుపు అనగానే ఇంట్లో మూలన పడి ఉన్నవాటి మీదకు చూపు పోతుంది. ఈ విలేఖరీ అదే చేశాడు. మూడు వేసవులు తాగునీటికి వాడి పక్కన పెట్టిన నాలుగు కడవలను పూడ్చి బీర, కాకర పెట్టాడు. మొలకలు చక్కగా వచ్చాయి. మార్చి నెలాఖరుకు ఆకులు మధ్యాహ్నం పూట వాలడం మొదలైంది. మూకుడు తీసి చూస్తే కడవల్లో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి! పక్కనే పాదులు ఎండుతున్నాయి. ఏప్రిల్ రెండో వారానికి తీగలన్నీ పీకి పారేయవలసి వచ్చింది. ఆ ఏడాది ఇంట్లో విన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

సంగతి ఏమిటో తెలుసుకుందామని కడవలు చేసే ముసలాయన దగ్గరకు వెళితే ఆయన నవ్వాడు. "పాత కుండలో నీళ్లు చల్లగుంటాయా సార్?" అని అడిగాడు. ఉండటం లేదనే కదా పక్కన పెట్టింది! "చెమట పట్టని కుండ నీళ్లు చల్లబరచదు. చెట్టుకూ ఇయ్యదు. కొత్తది తీసుకోండి, మెరుగు పెట్టంది" అన్నాడు. మన బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ ఉప్పే కుండ రంధ్రాల్లో పేరుకుని మూసేస్తుంది. చిన్నప్పటి నుంచి కుండ నీళ్లు తాగుతున్నా ఈ మాత్రం తట్టకపోవడం సిగ్గుచేటే.

కనుక కొత్త కడవే కొనాలి. రంగు వేసినవి, నున్నగా మెరిసేవి, కుళాయి బిగించినవి వద్దు. ఐదారు లీటర్లు పట్టేది, మూతి చిన్నది మంచిది. ఇంటికి తెచ్చాక సాయంత్రం నీళ్లు నింపి నీడలో పెట్టండి. తెల్లవారేసరికి బయట చేత్తో తడిమితే చెమ్మ తగలాలి. తగలకపోతే అది పూడ్చడానికి పనికిరాదు, వెనక్కి ఇచ్చేయండి. ఒక్క మాట, అక్కడ బేరం మాత్రం ఆడవద్దు. ప్లాస్టిక్ బక్కెట్టుకు అడిగినంత ఇచ్చి, మట్టి కడవకు పది రూపాయలు తగ్గించమనడం మన ఊళ్లో ఉన్న దురలవాటు.

పూడ్చే విధానం

కడవ వెడల్పుకు మూడు రెట్లు వెడల్పు, ఎత్తుకు రెండు రెట్లు లోతు గుంత తీయాలి. తీసిన మట్టిలో గడ్డలు చిదిపి, మూడు తట్టలకు ఒక తట్ట చొప్పున బాగా చివికిన పశువుల పెంట కలపాలి. పచ్చి పెంట వేస్తే వేడికి మొలకలు మాడతాయి, చెదలూ పడతాయి. అడుగున ఈ మట్టి పరిచి, కడవను నిలిపి, మూతి నేలకు రెండు అంగుళాలు పైకి ఉండేలా చూసుకుని చుట్టూ పూడ్చాలి. మట్టిని చేత్తో అదమండి. కడవకు, మట్టికి నడుమ సందు మిగిలితే నీరు అందదు. నల్లరేగడిలో ఇదే చిక్కు. ఆ మట్టి ఎండితే పగిలి కడవను వదిలేస్తుంది. అలాంటి పెరడైతే కడవ చుట్టూ జానెడు మందాన ఎర్రమట్టి, ఇసుక కలిపి పోయాలి.

కడవ అంచుకు నాలుగు వేళ్ల దూరంలో నాలుగు చోట్ల గింజలు పెట్టండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కడవ నింపాం కదా అని ఊరుకుంటారు. మొలకకు వేరు లేదు, కడవ దాకా అది చేరలేదు. పది పదిహేను రోజులు పైనుంచి చెంబుతో పోయాల్సిందే. వేరు కడవను చేరిందంటే ఇక మన పని నింపడమే. రెండో ఏడు పంట అయ్యాక తవ్వి చూస్తే కడవకు గోనెపట్టా చుట్టినట్టు వేళ్లు అల్లుకుని ఉన్నాయి.

మూకుడు తప్పనిసరి. డెంగీ దోమ నిల్వ నీటిలోనే పెరుగుతుంది. తొండలు, ఎలుకలు పడకుండా మూకుడు మీద ఒక రాయి పెట్టండి.

బీర, సొర, కాకర, దోస, టమాటా, వంగ దీనికి అనువైనవి. తోటకూర, మెంతి వంటి మడుల్లో చల్లే ఆకుకూరలకు ఇది కలిసిరాదు. మునగ, నిమ్మ వంటి చెట్లను పక్కన పెడితే వేళ్లు లావై కడవను పగలగొడతాయి.

లెక్క చూద్దాం

ఈ విలేఖరి పెరట్లో నాలుగు కడవలు, ఒక్కొక్కటి ఆరు లీటర్లది. ఫిబ్రవరిలో నాలుగు రోజులకొకసారి నింపితే సరిపోయింది. ఏప్రిల్ ఎండల్లో రోజు విడిచి రోజు నింపాల్సి వచ్చింది. అంటే ఎంత మండిపోయే కాలంలోనైనా రోజుకు 12 లీటర్లు, బక్కెట్టు నిండని నీళ్లు. అంతకుముందు అవే పాదులకు రోజుకు మూడు బక్కెట్లు పోసేవాళ్లం. సంక్రాంతికి పెట్టిన బీర ఉగాదికి కాపుకొచ్చింది. మే మొదటి వారం దాకా వారానికి రెండు మూడు పూటల కూర పెరట్లోనే దొరికింది. ఇరుగు పొరుగుకు పంచేంత కాయలేదు. ఆ మాట దాచడం ఎందుకు?

ఏ నీరు పోయాలన్నది ముఖ్యం. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా మొక్క మొదట్లో పోయండి. కడవలో పోస్తే పిండి, మురికి రంధ్రాలకు పడతాయి. ఆర్వో యంత్రం వదిలే నీటిలో ఉప్పు మామూలు నీటి కంటే ఎక్కువ. అది గచ్చు కడగడానికే తప్ప కడవకు వద్దు. బట్టల సబ్బు నీళ్లు కూరపాదులకు అసలే వద్దు. స్నానాల నీటిని గులకరాళ్లు వేసిన గుంతలోకి మళ్లించి అక్కడ రెండు అరటి పిలకలు నాటితే చాలు. పంట అయిపోగానే కడవలను తవ్వి తీసి, కొబ్బరి పీచుతో గట్టిగా తోమి, రెండు రోజులు ఎండబెట్టి దాచుకోవాలి. ఇంత చేసినా మూడో ఏటికి చెమర్చడం తగ్గుతుంది.

కోసిన కాయకు ఇసుక కుండ

కరెంటు పోతే ఫ్రిజ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పెద్ద కుండ అడుగున ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, రెంటి నడుమ సందునూ ఇసుకతో నింపి, ఆ ఇసుకను ఉదయం, సాయంత్రం తడిపితే లోపలి కుండ చల్లగా ఉంటుంది. పైన తడిగుడ్డ కప్పాలి. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990 దశకంలో ఇలాంటి జంట కుండలను పేద రైతులకు అలవాటు చేసి 2000లో రోలెక్స్ అవార్డు అందుకున్నారు. మన పొడి గాలికి ఇది బాగా పనిచేస్తుంది. కోస్తాలో ఉన్న చుట్టాలకు మాత్రం చెప్పకండి, అక్కడి ఉక్కకు ఆవిరి కాదు, చల్లబడదు. వంకాయలు, టమాటాలు, కొత్తిమీర పెట్టుకోవచ్చు. పాలు, మాంసం పెట్టరాదు. అంత చల్లదనం దీనికి రాదు. మూలనున్న పాత కడవలు దీనికీ పనికిరావని వేరే చెప్పనక్కరలేదు. వాటిని పగలగొట్టి పెంకులను పూలకుండీల అడుగున వేసుకోవచ్చు.

కడవలు కావలసినవారు పుష్యమాసం రాకముందే చేసేవారికి చెప్పుకోవాలి. మెరుగు పెట్టనివి అంగట్లో సిద్ధంగా ఉండవు. ఆవంలో పెట్టేముందే ఆయన వాటిని విడిగా తీసి ఉంచాలి.