పెద్ద సాఫ్ట్‌వేర్ - చిన్న ఫ్లాపీ

సీడీ పెట్టే చోటు, పెన్ డ్రైవు గుచ్చే చోటు లేని పాత కంప్యూటర్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటికి ఉన్నది ఒక్క ఫ్లాపీ డ్రైవే. మరి పెద్ద సాఫ్ట్‌వేర్ అందులోకి ఎలా ఎక్కుతుంది? తెలుసుకుందాం.

ముందు లెక్క చూద్దాం. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి 2 పక్కలు. ఒక్కో పక్కన 80 వలయాలు, ఒక్కో వలయంలో 18 గదులు, ఒక్కో గదిలో 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు. దీన్నే 1.44 ఎంబీ అంటారు. అంటే 10 ఎంబీ ప్యాకేజీకి 8 ఫ్లాపీలు కావాలి. 650 ఎంబీ సీడీ మొత్తానికైతే 460 దాటిపోతాయి! 1995లో వచ్చిన విండోస్ 95 ఫ్లాపీల సెట్టులో 13 ఉండేవి.

మొదటి పద్ధతి: ముక్కలు చేయడం. పీకేజిప్, ఏఆర్‌జే లాంటి ప్రోగ్రాములు ఫైలును కుదించి, ఫ్లాపీకి సరిపడా ముక్కలు చేస్తాయి. అవతల వాటిని విప్పి కలపాలి. విప్పే ప్రోగ్రాము పాత కంప్యూటర్లో లేకపోతే, దాన్ని కూడా వేరే ఫ్లాపీలో తీసుకుపోవాలి.

రెండో పద్ధతి: కేబుల్. రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టులను కలుపుతారు. ఒకదాని పంపే తీగ రెండోదాని అందుకునే తీగకు తగలాలి కాబట్టి, లోపల తీగలు అడ్డంగా మార్చిన కేబులే కావాలి. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6లో ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రాము ఇందుకే ఉంది. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో పంపినా 10 ఎంబీకి కనీసం 15 నిమిషాలు పడుతుంది.

వడ్లు తట్టలతో మోస్తుంటే నాలుగు గింజలు రాలినా ఫర్వాలేదు. ఇక్కడ అలా కుదరదు. 8 ఫ్లాపీల్లో ఒక్కటి చెడినా సాఫ్ట్‌వేర్ ఎక్కదు. పైగా సోనీ కంపెనీ కూడా 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు దొరికేవి చాలావరకు ఏళ్ళనాటివే, నమ్మడానికి లేదు. అందుకని ఈ జాగ్రత్తలు:

1. ప్రతి ఫ్లాపీ మీద నంబరు రాయండి.
2. కాపీ అయ్యాక ఒకసారి పరీక్షించండి. జిప్ ఫైల్లో ప్రతి ఫైలుకూ ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. అది కలవకపోతే ఏదో చెడినట్టే.
3. హార్డ్ డిస్కులో ముక్కలకూ, విప్పిన ఫైళ్ళకూ కలిపి చోటుందో లేదో చూడండి.
4. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎంత మెమొరీ కావాలో ముందే చదవండి. డిస్కులో పట్టినంత మాత్రాన నడవదు.
5. పాత కంప్యూటర్లో అంతా నడిచేదాకా అసలు కాపీని చెరపకండి.

చోటు లేదని ఉన్న ఫైళ్ళు తీసేసే ముందు అవి ఎవరివో అడగండి. యంత్రం పాతదైనా అందులో దాచుకున్న పని మనలో ఒకరిది!