ప్రాతినిధ్యం లేని పన్ను: బోస్టన్ తేయాకు చెప్పే పాఠం

అమెరికా స్వాతంత్ర్య పోరాటం అనగానే మనందరికీ గుర్తొచ్చే వాక్యం 'ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు'. రెండు మార్కుల ప్రశ్నకు అది చక్కని జవాబు. కానీ ఆ నాలుగు మాటల వెనుక పన్నెండేళ్ళ గొడవ ఉంది. ఆ గొడవలో మన తెలుగు నేలను ఏలిన ఈస్టిండియా కంపెనీ కూడా ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ కథను మొదటినుంచీ చెప్పుకుందామనుకున్నాం.

అప్పు ఎవరిది? తీర్చేది ఎవరు?

18వ శతాబ్దంలో ఉత్తర అమెరికా తూర్పు తీరంలో బ్రిటన్‌కు 13 వలసలు ఉండేవి. ప్రతి వలసలో ఒక శాసనసభ ఉండేది. స్థానిక పన్నులు ఆ సభలే వేసుకునేవి. 1756 నుంచి 1763 దాకా ఫ్రాన్స్‌తో జరిగిన సప్తవర్ష సంగ్రామంలో బ్రిటన్ గెలిచింది గానీ దాని అప్పు దాదాపు రెట్టింపయింది. వలసల్లో ఉంచిన సైన్యం ఖర్చు కూడా తోడయింది. యుద్ధం వలసల రక్షణకే కాబట్టి ఖర్చులో కొంత వాళ్ళే భరించాలని ప్రధానమంత్రి జార్జ్ గ్రెన్‌విల్ తలపెట్టాడు.

1764లో చక్కెర చట్టం, 1765లో స్టాంపు చట్టం వచ్చాయి. స్టాంపు చట్టం ప్రకారం వార్తాపత్రిక, కోర్టు కాగితం, లైసెన్సు, పంచాంగం, చివరికి పేకముక్కలకూ ముద్ర వేసిన కాగితం కొనాల్సిందే. కాలేజీ పట్టా మీద కూడా 2 పౌండ్ల పన్ను పెట్టారు. దీన్ని వలసల్లో చెలామణిలో ఉన్న కాగితపు డబ్బుతో కాక బ్రిటిష్ నాణేలతో కట్టాలన్నారు. లాయర్లు, ప్రింటర్లు, వ్యాపారులు, అంటే నోరూ కలమూ ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి దెబ్బ తగిలింది.

'మీ తరఫున మేమున్నాం'

పన్ను ఎంత అన్నదానికన్నా ఎవరు వేశారన్నదే వలసవాళ్ళ అసలు ప్రశ్న. లండన్ పార్లమెంటులో వాళ్ళు ఎన్నుకున్న సభ్యుడు ఒక్కడూ లేడు. దీనికి బ్రిటిష్‌వారి దగ్గర ఒక జవాబు ఉంది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి పట్టణాలకూ పార్లమెంటులో సొంత సభ్యులు లేరు, అయినా పార్లమెంటు అందరి మేలూ చూస్తుంది, మీ మేలు కూడా చూస్తుంది అన్నారు. మా కష్టం తెలియనివాడు, మా ఓటుతో పనిలేనివాడు మా తరఫున ఎలా మాట్లాడతాడని వలసవాళ్ళు అడిగారు.

1765 అక్టోబరులో 9 వలసల ప్రతినిధులు న్యూయార్కులో సమావేశమయ్యారు. బోస్టన్‌లో స్టాంపుల అధికారి దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీస్తే ఆయన పదవి వదులుకున్నాడు. వ్యాపారులు బ్రిటిష్ సరుకు తెప్పించుకోవడం మానేశారు. అమ్మకాలు పడిపోయేసరికి లండన్ వర్తకులే చట్టం రద్దు చేయమని మొరపెట్టుకున్నారు. 1766 మార్చిలో చట్టం పోయింది. కానీ అదే రోజు పార్లమెంటు మరో చట్టం చేసింది. అన్ని విషయాల్లోనూ వలసల మీద చట్టాలు చేసే హక్కు తమకుందని అందులో రాసుకుంది. తగాదా అక్కడితో ఆగిపోలేదు.

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకుల మీద సుంకాలు వచ్చాయి. మళ్ళీ బహిష్కరణ మొదలయింది. స్త్రీలు గుంపులుగా కూర్చుని రాట్నాల మీద నూలు వడికి ఇంటి బట్టనే కట్టారు. మన స్వదేశీ ఉద్యమానికి ఇది దాదాపు 140 ఏళ్ళ ముందుమాట. 1768లో బోస్టన్‌లో సైన్యం దిగింది. 1770 మార్చి 5న సైనికుల కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. వారిలో ఒకడైన క్రిస్పస్ అటక్స్ ఆఫ్రికన్, ఆదివాసీ రక్తం కలిసినవాడు. తరవాత సుంకాలన్నీ ఎత్తేసి ఒక్క తేయాకు మీద మాత్రం ఉంచారు.

చవకైన టీని పారబోయడం ఎందుకు?

ఇక్కడికి ఈస్టిండియా కంపెనీ వస్తుంది. 1765లో బెంగాల్ దివానీ హక్కు సంపాదించి, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులనూ రాబట్టుకున్న కంపెనీ ఇదే. శిస్తు వసూళ్ళు చేతికొచ్చినా అప్పుల్లో మునిగింది. లండన్ గోదాముల్లో దాని చైనా తేయాకు గుట్టలుగా పేరుకుపోయింది. కంపెనీని గట్టెక్కించడానికి 1773లో పార్లమెంటు తేయాకు చట్టం చేసింది. మధ్య దళారులు లేకుండా కంపెనీయే నేరుగా అమెరికాలో అమ్ముకోవచ్చు. దాంతో టీ చవకయింది. కానీ పౌనుకు 3 పెన్నీల పాత సుంకం అలాగే ఉంది.

చవకగా వస్తుంటే తాగక పారబోయడం దేనికని అనిపించవచ్చు. ఆ టీ కొంటే 3 పెన్నీల పన్నును ఒప్పుకున్నట్టే. పన్ను వేసే హక్కును ఒప్పుకున్నట్టే. పైగా ఒకే కంపెనీకి గుత్తాధిపత్యం ఇస్తే నేడు టీ, రేపు మరొకటి. 1770లో కంపెనీ ఏలుబడిలోని బెంగాల్‌లో కరువుకు లక్షల మంది చచ్చిపోయిన సంగతి అప్పటికి అమెరికాకు చేరింది. జాన్ డికిన్సన్ అనే న్యాయవాది 1773లో ఆ కరువునే చూపించి, కంపెనీ ఇక్కడికొస్తే మన గతీ అంతేనని హెచ్చరించాడు.

1773 డిసెంబరు 16 రాత్రి కొందరు మొహాక్ ఆదివాసుల వేషాలతో బోస్టన్ రేవులో మూడు ఓడలెక్కి 340 దాకా పెట్టెలు పగలగొట్టి 40 టన్నులకు పైగా తేయాకును సముద్రంలో పోశారు.

బ్రిటన్ కోపం పట్టలేకపోయింది. టీ ఖరీదు కట్టేదాకా బోస్టన్ రేవు మూసేసింది. మసాచుసెట్స్ స్వపరిపాలన హక్కులు కత్తిరించింది. ఒక ఊరిని ఒంటరిని చేద్దామనుకుంటే మిగతా వలసలు బోస్టన్‌కు బియ్యం, గొర్రెలు పంపాయి. 1774 సెప్టెంబరులో 12 వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కలిశారు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో తుపాకులు పేలాయి. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. 1783 పారిస్ సంధితో బ్రిటన్ ఓటమి ఒప్పుకుంది.

స్వేచ్ఛ ఎవరికి?

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు. 'మమ్మల్ని బానిసలుగా చూస్తారా' అని కేకలేసిన వలసల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు నిజంగానే బానిస. మనుషులందరూ సమానులని ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. టీ సముద్రం పాలైన 1773లోనే, మసాచుసెట్స్‌లోనే, నలుగురు బానిసలు తమకూ విముక్తి కావాలని శాసనసభ్యులకు విజ్ఞప్తి రాశారు. దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది. స్త్రీల ఓటుహక్కు రాజ్యాంగంలో చేరడానికి 1920 దాకా పట్టింది. ఆదివాసులకైతే విప్లవం తెచ్చింది భూములు కోల్పోవడమే. పైవాడి మీద అడిగిన ప్రశ్నను కిందివాడు తననూ అడుగుతాడని ఆ నాయకుల్లో చాలామంది అనుకోలేదు.

మన రాజ్యాంగం ఆ ప్రశ్నను మొదటే తేల్చింది. డాక్టర్ అంబేద్కర్ 1913లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, 1915లో రాసిన ఎం.ఏ. పరిశోధన వ్యాసం ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీదే. పన్నుల సొమ్ము ఎవరి దగ్గర లాగి ఎవరికి పెట్టారో లెక్కలతో చదివినవాడాయన. రాజ్యాంగం 265వ అధికరణ ప్రకారం చట్టం లేకుండా ఏ పన్నూ వేయరాదు. 326వ అధికరణ ఆ చట్టం చేసేవారిని ఎన్నుకునే ఓటును కులం, ఆస్తి, చదువు చూడకుండా వయోజనులందరికీ ఇచ్చింది.

హాస్టల్ పిల్లలను చూసి 'ఫ్రీ తిండి, ఫ్రీ చదువు' అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మేమూ విన్నాం, మీరూ వింటారు. కూలి చేసే మీ అమ్మ సబ్బు కొన్నా, మీ నాన్న సెల్‌కు రీచార్జి చేయించినా ఆ ధరలో పన్ను ఉంది. ఈ మెస్సులో ఉడికే అన్నంలో ఆ పైసలూ ఉన్నాయి. కాబట్టి తమ్ముళ్ళూ, పప్పు నీళ్ళగా ఉంటే, దుప్పట్లు రాకపోతే తల దించుకుని ఊరుకోవద్దు. మర్యాదగా, అర్జీ రాసి, కలిసికట్టుగా అడగండి. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఓటరుగా పేరు నమోదు చేయించుకోండి. పన్ను మనం కడుతున్నప్పుడు అది ఎటు పోతోందని అడగడం కూడా మన హక్కే.