పేరొకటి... పుట్టిల్లొకటి!

తాతగారి జంట గొట్టాల తుపాకి. 'లండన్ నుంచి తెప్పించారట' అని ఇంటిల్లిపాదీ గొప్పగా చెప్పుకుంటారు. మరి అది నిజంగా లండన్‌దేనా? ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏ పాత ఇంట్లోనైనా ఇలాంటి లైసెన్సు తుపాకి ఉంటే, జవాబు దాని ఒంటిమీదే ఉంటుంది.

గొట్టాల మధ్య పట్టీ మీద చెక్కిన పేరు చూసి చాలామంది పొరబడతారు. మద్రాసు పి.ఆర్ అండ్ సన్స్, కలకత్తా మాంటన్, రోడా... ఇవన్నీ అమ్మిన కొట్ల పేర్లు. (1914లో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు కొట్టేసింది ఈ రోడా సరుకులోంచే!) ఆ కొట్లకు చాలా సరుకు బర్మింగ్‌హామ్ కార్ఖానాల నుంచి వచ్చేది. 1871కల్లా మద్రాసు-బొంబాయి రైలు ఆదోని మీదుగా నడిచింది కాబట్టి మద్రాసులో కొన్న వస్తువు ఇక్కడికి చేరడం కష్టమేం కాదు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోది. పాత లైసెన్సు కాగితం మీద బళ్లారి పేరుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు గుట్టు గొట్టాల అడుగున ఉంటుంది. బ్రిటన్‌లో ప్రతి గొట్టాన్నీ మోతాదుకు మించిన మందుతో పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. కిరీటం కింద పెనవేసుకున్న 'జీపీ' అక్షరాలుంటే లండన్ ముద్ర. కిరీటంతో అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలుంటే బర్మింగ్‌హామ్, అదీ 1904కు ముందుది. 'నాట్ ఫర్ బాల్' అని ఉంటే 1875-87 మధ్య పరీక్షించినట్టు. కోడిగుడ్డు ఆకారంలో 'ఈఎల్‌జీ' కనిపిస్తే మాత్రం... అది బెల్జియంలోని లీజ్ నగరానిది. పేరున్న ఇంగ్లిషు కంపెనీల పేర్లను కాస్త మార్చి చెక్కి అమ్మిన తుపాకులు అక్కణ్నుంచీ వచ్చాయి.

ఇక '12' అంటే అంగుళాలు కాదు. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు వ్యాసమే గొట్టం లోపలి వెడల్పు. అంటే సుమారు 0.729 అంగుళాలు.

ఇదంతా సరదా కోసమే కాదు. గొట్టం మీద నేతబట్టలా అలలలల చారలుంటే అది డమాస్కస్ రకం కావచ్చు. ఇనుము, ఉక్కు కమ్మీలను మెలిపెట్టి, చుట్టి, అతికి చేసేవారు. చాలావరకు పాతకాలపు నల్ల మందు కోసం చేసినవి. నేటి పొగరాని మందు తూటా పెడితే గొట్టం పగిలి పేల్చినవాడి వేళ్లే పోవచ్చు. పొగరాని మందుకు పరీక్షించినట్టు తెలిపే 'ఎన్‌పీ' ముద్ర లేకపోతే జోలికి పోకూడదు. ఉన్నా సరే, వందేళ్ల తుప్పు ముద్రకు తెలియదు కదా! లైసెన్సున్న డీలరుకు చూపించాల్సిందే.

పాతదైతే లైసెన్సు అక్కర్లేదనుకోవడం ఇంకో పొరపాటు. బాగుచేసినా పేలదన్న పాత ఆయుధాలకే 1959 చట్టం మినహాయింపు ఇచ్చింది. లైసెన్సుదారు పోతే, వారసుల పేరిట కాగితాలు వచ్చేదాకా తుపాకి పోలీస్ స్టేషన్లోనో డీలరు దగ్గరో జమచేయాలి.